పాఠ పరిష్కరణంలో నమూనా సూత్రాలు: వెదకడం, మార్చడం, మానుకోవడం

ప్రస్తావన

తాళపత్ర ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి, శుద్ధపాఠాన్ని నిర్ణయించడం ప్రాచ్యవిద్యారంగంలో తరతరాలుగా సాగుతున్న కృషి. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి అనేక ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులను వ్రాయించిన సంగతి సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. నాటి లేఖకుడు ఒక అక్షరాన్ని దిద్దవలసివస్తే ఆ అక్షరాన్ని చూసి దిద్దేవాడు. వేయిచోట్ల దిద్దవలసివస్తే వేయిసార్లు చూసేవాడు. శ్రమ అధికమే అయినా, ప్రతి దిద్దుబాటు వెనుక ఒక చూపు ఉండేది.

గ్రంథపాఠాలు కంప్యూటరులో చేరిన తరువాత ఈ స్థితి మారింది. ఒక్క ఆజ్ఞతో వేయిచోట్ల మార్పు చేయవచ్చు. ఒక్కచోటనైనా చూడకుండా కూడా చేయవచ్చు. ఇందుకు తోడ్పడే సాధనాలలో ముఖ్యమైనది ఆంగ్లంలో ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అని వ్యవహరింపబడేది. ఒక నిర్దిష్ట పదాన్ని గాక, పదాల ఆకృతిని వర్ణించి వెదకే సంకేతరచన ఇది. ఈ వ్యాసంలో దీనిని ‘నమూనా’ అని పేర్కొనడం జరుగుతున్నది. సంస్కృతాంధ్ర గ్రంథాల పరిష్కరణంలో నమూనా ఎట్లా ఉపకరిస్తుందో, ఎక్కడ అపకరిస్తుందో సోదాహరణంగా వివరించడం ఈ వ్యాసోద్దేశం.

నమూనా స్వరూపం

నమూనా భావన గణితశాస్త్రం నుండి వచ్చింది. అమెరికన్ తర్కవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో నాడీజాలాల గణితరూపాన్ని విచారిస్తూ ‘రెగ్యులర్ ఈవెంట్స్’ అనే భావనను ప్రతిపాదించాడు. ఆ రచన 1956లో ముద్రితమైంది. ఆవృత్తిని సూచించే నక్షత్రచిహ్నానికి నేటికీ ఆయన పేరే నిలిచి ఉన్నది. 1968లో కెన్ థాంప్సన్ ఈ భావనను పాఠాన్వేషణకు అన్వయించే పద్ధతిని ప్రకటించాడు. అనంతరం యూనిక్స్ వ్యవస్థలోని సాధనాల ద్వారా, ముఖ్యంగా 1973లో వెలువడిన ‘గ్రెప్’ ద్వారా, ఇది వ్యాప్తి పొందింది.

నమూనాలోని ప్రధాన చిహ్నాలు కొన్నే. చతురస్ర కుండలీకరణంలో ఉంచిన అక్షరాలలో ఏదో ఒకటి ఉన్నా చాలును: [కగ] అంటే కకారం గాని గకారం గాని. నడుమ అడ్డగీత ఉంచితే ఆ అవధిలోని అక్షరాలన్నీ గ్రహింపబడతాయి: [క-హ]. చుక్క (.) ఏ సంకేతానికైనా వర్తిస్తుంది. ప్రశ్నార్థకం (?) తన ముందున్నది ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్తుంది. నక్షత్రం (*) సున్నా మొదలు ఎన్నిసార్లయినా రావచ్చుననీ, సంకలన చిహ్నం (+) కనీసం ఒకసారి రావలెననీ చెప్తాయి. నిలువుగీత (|) వికల్పాన్ని తెలుపుతుంది. సాధారణ కుండలీకరణం తనలో చిక్కినదానిని జ్ఞాపకం ఉంచుకొంటుంది. దానిని తరువాత \1 అని గాని, కొన్ని సాధనాలలో $1 అని గాని మరల పిలువవచ్చు.

‘వ్రాయు’, ‘రాయు’ రెండు రూపాలనూ ఒకేసారి వెదకదలచినవారు (వ్రా|రా)యు అని వ్రాస్తే సరిపోతుంది. అయితే చిహ్నాల అర్థం అన్ని సాధనాలలోనూ ఒకటి కాదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని ‘వైల్డ్‌కార్డ్’ పద్ధతిలో నక్షత్రం ఏ అక్షరాల వరుసకైనా, ప్రశ్నార్థకం ఏ ఒక్క అక్షరానికైనా సంకేతం. లిబ్రెఆఫీస్ రైటర్‌లోనైతే పైన చెప్పిన అర్థాలే వర్తిస్తాయి. ఏ సాధనం ఏ పరిభాషను పాటిస్తున్నదో తెలుసుకోకుండా నమూనా వ్రాయడం, ఏ వ్యాకరణం చదువుతున్నామో తెలియకుండా సంజ్ఞలను అన్వయించడం వంటిది.

తెలుగు లిపి – సంకేతక్రమం

కంటికి కనిపించే అక్షరమూ, యంత్రం లెక్కించే సంకేతమూ ఒకటి కావు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలిపాఠంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. ఆ పట్టికలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు సంఖ్యలు కేటాయింపబడ్డాయి. కకారం 3093, హకారం 3129, పొల్లు 3149. ‘శాస్త్రి’ అనే మాటలో ఉచ్చారణ దృష్ట్యా అక్షరాలు రెండే. యంత్రానికి మాత్రం శ, ా, స, ్, త, ్, ర, ి అని ఎనిమిది సంకేతాలు. కనుక చుక్క ఒక అక్షరాన్ని గాక ఒక సంకేతాన్ని మాత్రమే గ్రహిస్తుంది. హల్లుతో మొదలయ్యే ఒక పూర్తి అక్షరం కావలెనంటే నమూనాను ఇట్లా వ్రాయవలసి ఉంటుంది:

(?:[క-హ]్)*[క-హ][ా-ౌ]?[ఁ-ః]?

అనగా, పొల్లుతో కూడిన హల్లులు ఎన్ని అయినా. ఆ మీద ఒక హల్లు. ఉంటే ఒక గుణింతపు గుర్తు. ఉంటే అరసున్న, సున్న, విసర్గలలో ఒకటి. కుండలీకరణం మొదట ఉన్న ?: అనే గుర్తు ‘ఇందులో చిక్కినదానిని జ్ఞాపకం ఉంచుకోనక్కరలేదు’ అని చెప్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనార్హం. మొదటిది: [క-హ] అనే అవధి వర్ణమాలను బట్టి గాక పట్టికలోని సంఖ్యాక్రమాన్ని బట్టి ఏర్పడుతుంది. ఱకారం ఆ అవధిలోనే ఉన్నది. దంత్య చజలైన ౘ, ౙ లు మాత్రం 2008లో చేర్చబడినందున 3160, 3161 స్థానాలలో ఉన్నాయి. వాటిని గ్రహించవలెనంటే [క-హౘౙ] అని వేరుగా చెప్పక తప్పదు. రెండవది: కంటికి కనిపించని సంకేతాలు కొన్ని ఉన్నాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో వత్తు ఏర్పడకుండా ఆపే 8204వ సంకేతం కనబడదు. అది లేకుండా వెదికితే ఆ పదం దొరకదు. అట్లే ఐత్వపు గుర్తు (ై) ఒకే సంకేతంగా గాని, ఎత్వం, దాని క్రింది గుర్తు కలిసిన రెండు సంకేతాలుగా గాని నిక్షిప్తమై ఉండవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరువేరు. కావున పాఠమంతటినీ ముందుగా ఏకరూపసంకేతాలకు తెచ్చిన తరువాతనే అన్వేషణ ప్రారంభించడం యుక్తం.

స్థాని, ఆదేశం, నిమిత్తం

వ్యాకరణ పాఠకులకు ఈ ప్రక్రియ పూర్తిగా క్రొత్తది కాదు. దేని స్థానంలో మార్పు జరుగుతుందో అది స్థాని. దాని స్థానంలో వచ్చేది ఆదేశం. ఏది ఉన్నప్పుడు జరుగుతుందో అది నిమిత్తం. పాణిని ఈ మూడింటినీ విభక్తుల ద్వారా సూచించాడు. స్థానయోగంలో షష్ఠి (1.1.49), పరనిమిత్తానికి సప్తమి (1.1.66), పూర్వనిమిత్తానికి పంచమి (1.1.67), ఆదేశానికి ప్రథమ.

నమూనాలలోనూ ఈ విభాగం స్పష్టంగా ఉన్నది. వెదకే భాగం స్థాని. మార్పుగా వ్రాసే భాగం ఆదేశం. (?=…) అనే రచన ‘దీని మీద ఇది ఉంటేనే’ అని చెప్తుంది గాని, ఆ ఉన్నదానిని మార్పులోకి తీసుకోదు. ఇది సప్తమీ నిర్దేశానికి సమానం. (?<=…) అనే రచన ‘దీనికి ముందు ఇది ఉంటేనే’ అని చెప్తుంది. ఇది పంచమీ నిర్దేశానికి సమానం. (?!…), (?<!…) అనేవి వీటికి నిషేధరూపాలు. ఇక [క-హ] వంటి వర్గకల్పన ప్రత్యాహారాన్ని స్ఫురింపజేస్తుంది.

ఈ పోలిక కేవలం అలంకారప్రాయం కాదు. ధ్వనిపరిణామ నియమాలను ‘ఈ సందర్భంలో ఇది ఇట్లా మారుతుంది’ అనే రూపంలో వ్రాస్తే వాటిని క్లీనీ ప్రతిపాదించిన గణితచట్రంలో ఇమిడ్చవచ్చునని సి. డగ్లస్ జాన్సన్ 1972లోను, రొనాల్డ్ కప్లన్, మార్టిన్ కే 1994లోను నిరూపించారు. అయినప్పటికీ దీనిని ఆధారంగా చేసికొని ప్రాచీనులు కంప్యూటరును ఊహించారని చెప్పబూనడం అతివ్యాప్తి. పాణినీయ సూత్రం వర్ణాలనే గాక అర్థాన్ని, పదత్వాన్ని, కారకాన్ని కూడా నిమిత్తాలుగా గ్రహిస్తుంది. నమూనాకు వరుసగా నిలిచిన సంకేతాలు తప్ప మరేమీ తెలియవు.

ఈ భేదాన్ని యణాదేశంలో చూడవచ్చు. ఇక్కులకు అచ్చు పరమైనప్పుడు యణ్ణులు వస్తాయి (6.1.77). తెలుగు లిపిలో వ్రాసిన సంస్కృత పాఠంలో ఇకారాంతం మీద ఆకారం వచ్చిన సందర్భానికి నమూనా ఇట్లా ఉంటుంది:

వెదకవలసినది: [ిీ] ఆ
మార్పు: ్యా

దీనివలన ‘ఇతి ఆది’ అనేది ‘ఇత్యాది’ అవుతుంది. ‘నదీ ఆగచ్ఛతి’ అనేది ‘నద్యాగచ్ఛతి’ అవుతుంది. రెండూ సాధువులే. కాని ‘కవీ ఆగచ్ఛతః’ అన్న చోట కూడా యంత్రం ‘కవ్యాగచ్ఛతః’ అని మారుస్తుంది. ఇక్కడ ‘కవీ’ ద్వివచనం. ఈదంత ద్వివచనానికి ప్రగృహ్యసంజ్ఞ కలదు (1.1.11) కనుక సంధి రాదు. ‘నదీ’, ‘కవీ’ శబ్దాల చివర యంత్రానికి కనిపించేది ఒకే దీర్ఘపు గుర్తు. ఒకటి ఏకవచనమనీ, రెండవది ద్వివచనమనీ అది ఎరుగదు. నమూనాల ప్రయోజనమూ పరిమితీ ఈ ఒక్క ఉదాహరణలోనే తెలిసివస్తున్నాయి.

పంచమాక్షరాలు – సున్న

పాత ప్రతులలో ‘పఙ్క్తి’, ‘పఞ్చ’, ‘కణ్ఠ’, ‘అన్త’, ‘సమ్పత్తి’ వంటి లేఖనం, సున్నతో కూడిన లేఖనం కలగలిసి కనిపిస్తుంది. పదసూచికను సిద్ధపరచేవారికి ఇది చిక్కు. ఒకే పదం రెండు తావులలో చేరుతుంది. కనుక పంచమాక్షరాన్ని సున్నగా మార్చదలచినవారు ‘పొల్లుతో కూడిన మకారాన్నంతటినీ సున్న చేయుము’ అని ఆజ్ఞాపిస్తే ‘సమ్రాట్’ శబ్దం ‘సంరాట్’ అవుతుంది. ఙకారం విషయంలో అట్లా చేస్తే ‘వాఙ్మయం’ ‘వాంమయం’ అవుతుంది. నిమిత్తాన్ని స్పష్టంగా చెప్పినప్పుడు ఈ దోషం రాదు:

ఙ్(?=[క-ఘ]), ఞ్(?=[చ-ఝ]), ణ్(?=[ట-ఢ]), న్(?=[త-ధ]), మ్(?=[ప-భ])

ఈ ఐదింటికీ మార్పు ఒకటే: సున్న. మకారం మీద రేఫ ఉన్నప్పుడు గాని, ఙకారం మీద మకారం ఉన్నప్పుడు గాని ఇవి ప్రవర్తించవు. ‘సమ్రాట్’ శబ్దంలో మకారం నిలవడానికి పాణిని ప్రత్యేక సూత్రమే (8.3.25) చేయవలసివచ్చిందన్నది ఇక్కడ స్మరణీయం.

ఇంత జాగ్రత్త పడినా ఒక చిక్కు మిగులుతుంది. తాళపత్ర ప్రతులలో పదాల నడుమ ఖాళీ ఉండదు. ‘తాన్ దేవాన్’ అనేది ‘తాన్దేవాన్’ అని ఉంటుంది. నాల్గవ నమూనా దీనిని ‘తాందేవాన్’ అని మారుస్తుంది. నకారానికి అనుస్వారం విధించిన సూత్రం (8.3.24) పదాంతం కాని నకారానికే పరిమితమైనది. ఇక్కడి నకారం ద్వితీయా బహువచనంలోని పదాంత నకారం. మార్పు జరిగిన తరువాత ఆ విభక్తి రూపమే మరుగుపడుతుంది. కనుక ఈ నమూనాను పదవిభాగం చేసిన పాఠం మీద ప్రయోగించవచ్చును గాని, యథాతథ ప్రతిలేఖనం మీద ప్రయోగించరాదు.

వలపలగిలక

పాత ముద్రణలలో రేఫ సంయుక్తాక్షరాలను వలపలగిలకతో ముద్రించేవారు. ‘ధర్మ’ అనే చోట మకారం తరువాత కుడివైపున ఆ గుర్తు నిలుస్తుంది. దాని ఆకారం తెలుగు తొమ్మిది అంకెను (౯) పోలి ఉన్నందువలన, పాత పుస్తకాలను కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు ‘ధమ౯ము’, ‘కీతి౯’, ‘సూయు౯డు’ వంటి రూపాలు ఏర్పడతాయి. వీటిని సరిచేయడంలో నమూనా శక్తి బాగా తెలుస్తుంది. ఎందుకంటే ఇక్కడ కావలసినది అక్షరం మార్పు మాత్రమే కాదు. స్థానం మార్పు కూడా.

వెదకవలసినది: ((?:[క-హ]్)*[క-హ][ా-ౌ]?)౯
మార్పు: ర్\1

అంకెకు ముందున్న పూర్తి అక్షరం జ్ఞాపకంలో నిలుస్తుంది. అంకె తొలగి, దాని బదులు అక్షరానికి ముందు రేఫ చేరుతుంది. ‘కీతి౯’ ‘కీర్తి’ అవుతుంది. ‘అఘ్య౯ము’ ‘అర్ఘ్యము’ అవుతుంది. గుణింతమూ, వత్తూ చెక్కుచెదరవు. సంవత్సర సంఖ్యలలోని తొమ్మిదికి ముందు అంకె ఉంటుంది గాని అక్షరం ఉండదు. కనుక వాటికి బాధ లేదు.

అయితే ‘పుట ౯’ అని ఉండవలసినది ఖాళీ లోపించి ‘పుట౯’ అని పడి ఉంటే, యంత్రం దానిని ‘పుర్ట’ అని దిద్దుతుంది. గ్రంథమంతటిలో ఇటువంటివి రెండో మూడో ఉండవచ్చు. వాటిని ముందుగా కనుగొనడానికి ఉపాయం ఒక్కటే: మార్పు చేయకముందు ఆ నమూనాకు లోబడే పదాలన్నిటినీ పట్టికగా తీసి చదవడం. ప్రయోగాలు వేలున్నా, భిన్నపదాలు అంతకంటె చాలా తక్కువే ఉంటాయి. ఆ పట్టికను చదవడం ఒక పూటలో ముగిసే పని కావచ్చు.

రేఫ మీది ద్విత్వం

శాసనాలలోను, ప్రాచీన ప్రతులలోను రేఫ మీది హల్లును ద్విత్వంగా వ్రాయడం సాధారణం: ‘ధర్మ్మ’, ‘పూర్వ్వ’, ‘కర్త్త’. అచ్చు మీది రేఫ హకారాలకు పరమైన వర్ణానికి ద్విత్వం వైకల్పికంగా పాణినీయ సమ్మతమే (8.4.46). ఈ ద్విత్వాన్ని తొలగించి ఆధునిక లేఖనానికి తేదలచినవారికి ఈ నమూనా సహజంగా తోస్తుంది:

వెదకవలసినది: ర్([క-హ])్\1
మార్పు: ర్\1

ఇందులో \1 వెదకే భాగంలోనే వచ్చింది. ‘ఇంతకు ముందు చిక్కిన హల్లే మరల వస్తే’ అని దీని అర్థం. ఇట్లా చిక్కినదానిని జ్ఞాపకం ఉంచుకొని పోల్చడం క్లీనీ గణితచట్రాన్ని దాటిన సౌకర్యం. ‘ధర్మ్మము’ ‘ధర్మము’ అవుతుంది. ‘మర్త్త్య’ ‘మర్త్య’ అవుతుంది. మహాప్రాణాల విషయంలో ద్విత్వం ‘అర్త్థ’ అని అల్పప్రాణ పూర్వకంగా ఉంటుంది. అక్కడ రెండు హల్లులు ఒకటి కావు గనుక వేరు నమూనా కావలసి ఉంటుంది.

ఇంతవరకు అంతా సుగమం. అసలు సమస్య ‘కార్త్తిక’, ‘వార్త్తిక’, ‘వార్త్తా’ శబ్దాల వద్ద ఎదురవుతుంది. కార్త్తిక శబ్దం కృత్తికా శబ్దం నుండి, వార్త్తిక, వార్త్తా శబ్దాలు వృత్తి శబ్దం నుండి ఏర్పడ్డాయి. ఋకారానికి వృద్ధి వచ్చి ‘ఆర్’ అయినది. ఆ తరువాతి రెండు తకారాలూ మూలశబ్దంలోనివే. వృద్ధ శబ్దం నుండి వచ్చిన ‘వార్ద్ధక్యం’ కూడా ఇటువంటిదే. ‘కర్త్త’లో రెండవ తకారం రేఫ వలన వచ్చి చేరినది, ‘వార్త్తా’లో అది వ్యుత్పత్తిసిద్ధం. ప్రతిలో రెండూ ఒకే తీరున కనిపిస్తాయి. నమూనా రెండింటినీ ఒకే తీరున తొలగిస్తుంది.

‘కార్తిక’, ‘వార్త’ రూపాలు దోషాలని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. హల్లు మీద ఉన్న ఝర్‌కు సవర్ణమైన ఝర్ పరమైనప్పుడు లోపం వికల్పంగా విహితమే (8.4.65). నేటి వాడుకలో ఏకతకార రూపాలే స్థిరపడ్డాయి. అయితే ఒక ప్రతిలో లేఖకుడు ‘కర్త’ అని ఒకే తకారంతోను, ‘వార్త్తిక’ అని రెండు తకారాలతోను వ్రాసి ఉంటే, అతనికి వ్యుత్పత్తి తెలుసునని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. ఆ ప్రతి ప్రామాణ్యాన్ని నిర్ణయించడంలో అది ఒక సాక్ష్యం. యాంత్రికమైన మార్పు ఆ సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. దీనిని ఛందస్సు కూడా పట్టి ఇవ్వదు. తకారం ఒకటైనా రెండైనా రేఫ సంయోగం వలన పూర్వాక్షరం గురువే. పద్యం నడక చెడకుండానే పాఠం మారిపోతుంది.

దీనికి పరిహారం ఉత్సర్గాపవాద న్యాయమే. అపవాదాలను ముందుగా రక్షించి, ఆ తరువాత ఉత్సర్గాన్ని ప్రవర్తింపజేయవలె. పాఠంలో ఎక్కడా లేని ఒక చిహ్నాన్ని ఎన్నుకొని ‘కార్#త్తిక’, ‘వార్#త్తిక’ అని మొదట గుర్తుపెట్టవచ్చు. నడుమ చిహ్నం ఉన్నందున ద్విత్వపు నమూనా వాటిని తాకదు. మార్పు ముగిసిన తరువాత చిహ్నాన్ని తొలగిస్తే సరి. అయితే ఏవి అపవాదాలో నిర్ణయించేది యంత్రం కాదు. వ్యుత్పత్తి తెలిసిన పండితుడు.

క్రమం, వ్యాప్తి

అనేక నమూనాలను ప్రయోగించేటప్పుడు వాటి క్రమం ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ‘ధమ్మ౯ము’ అనే రూపంలో వలపలగిలకా, ద్విత్వమూ రెండూ ఉన్నాయి. మొదట వలపలగిలకను సరిచేస్తే ‘ధర్మ్మము’ ఏర్పడి, తరువాతి నమూనాకు లోబడి ‘ధర్మము’ అవుతుంది. క్రమం తారుమారైతే ద్విత్వపు నమూనాకు రేఫయే కనబడదు. చివరకు ‘ధర్మ్మము’ మిగిలిపోతుంది. త్రిపాదిలో పరసూత్రం పూర్వసూత్రానికి అసిద్ధమని చెప్పిన శాస్త్రాన్ని (8.2.1) అభ్యసించినవారికి ఇటువంటి పౌర్వాపర్య విచారం సుపరిచితం. భేదమల్లా, శాస్త్రంలో బలాబలాలను పరిభాషలు నిర్ణయిస్తాయి. ఇక్కడ వ్రాసిన వరుసయే ప్రమాణం.

వ్యాప్తి మరొక చిక్కు. నక్షత్రచిహ్నం సాధ్యమైనంత ఎక్కువ భాగాన్ని గ్రహించే స్వభావం కలది. పాఠంలో కుండలీకరణాలలో ఉంచిన పాఠాంతరాలను తొలగించదలచి \(.*\) అని వ్రాస్తే, పంక్తిలోని మొదటి కుండలీకరణం మొదలు చివరి కుండలీకరణం వరకు ఉన్నదంతా పోతుంది. ఒకే పంక్తిలో రెండు పాఠాంతరాలు ఉంటే వాటి నడుమ ఉన్న మూలపాఠం కూడా పోతుంది. \([^)]*\) అని, అనగా ముగింపు కుండలీకరణం కానివాటిని మాత్రమే గ్రహింపుమని వ్రాస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

తిరిగిరాని మార్పులు

కొన్ని మార్పులను వెనుకకు తిప్పవచ్చు, కొన్నింటిని తిప్పలేము. అరసున్నను తొలగించడానికి నమూనా కూడా అవసరం లేదు. ఒక్క సంకేతాన్ని తీసివేస్తే చాలును. కాని ‘ఏఁడు’ సంవత్సరం, ‘ఏడు’ సంఖ్య. అరసున్న పోయిన తరువాత రెండూ ఒకటే. ‘వేరు’ చెట్టు మూలం, ‘వేఱు’ ఇతరమైనది. ఱకారాన్నంతటినీ రేఫగా మార్చిన తరువాత ఏది ఏదో సందర్భాన్ని బట్టి మనుష్యుడు ఊహించవలసినదే. రెండు రూపాలు ఒకటిగా కలిసిపోయినప్పుడు, వాటిని మరల విడదీయగల నమూనా ఉండదు. విద్యార్థుల సౌకర్యానికి సరళలేఖనంలో ముద్రించడం దోషం కాదు. సరళలేఖనం కోసం మూలప్రతిని చెరిపి వ్రాయడమే దోషం.

అనుసరణీయ విధానం

పై విచారణను బట్టి పాఠ పరిష్కర్తలకు కొన్ని నియమాలు సిద్ధిస్తున్నాయి. ప్రతిలో ఉన్నదానిని ఉన్నట్లే ఎక్కించిన ప్రతిలేఖనాన్ని వేరుగా భద్రపరచవలె. దానిపై ఏ నమూనానూ ప్రయోగించరాదు. మార్పులన్నీ దాని నకలు మీదనే జరగవలె. ప్రతి నమూనాకు ముందు దానికి లోబడే భిన్నపదాల పట్టికను తీసి చదవవలె. అపవాదాలను గుర్తించి రక్షించవలె. మార్పు జరిగిన తరువాత ఎన్నిచోట్ల జరిగిందో సంఖ్యను నమోదు చేసి, పట్టికలోని సంఖ్యతో సరిచూడవలె. ప్రయోగించిన నమూనాలను వరుసక్రమంలో గ్రంథపీఠికలో ప్రకటించవలె. ‘లేఖన సంప్రదాయాన్ని ఆధునికీకరించాము’ అనే ఒక్క వాక్యం కంటె, నాలుగు నమూనాల పట్టిక తరువాతి పరిశోధకునికి ఎక్కువ ఉపకరిస్తుంది. ఏ మార్పు ఎక్కడ జరిగిందో అతడు దానినుండి తిరిగి గణించుకోగలడు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. చాలా సందర్భాలలో మార్చడం అవసరమే లేదు, వెదకడం చాలును. ‘ధర్మ’, ‘ధర్మ్మ’, ‘ధమ౯’ రూపాలన్నీ ఒకేసారి కావలెనంటే పాఠాన్ని ఏకరూపం చేయనక్కరలేదు. ధ(ర్మ్మ|ర్మ|మ౯) అని వెదికితే మూడూ దొరుకుతాయి. పాఠంలో వైవిధ్యం నిలుస్తుంది. అన్వేషకునికి ఏకత్వం లభిస్తుంది. వైవిధ్యాన్ని భరించే భారం పాఠం మీద గాక ప్రశ్న మీద పడుతుంది.

ఉపసంహారం

నమూనా సూత్రాలు పండితుని శ్రమను తగ్గించే సాధనాలే గాని, అతని వివేచనకు ప్రత్యామ్నాయాలు కావు. ప్రగృహ్యాన్ని, పదాంతాన్ని, వ్యుత్పత్తిని అవి ఎరుగవు. అయితే వాటిని ఎరిగిన సంస్కృతాంధ్ర పండితునికి ఇవి పరాయి విద్య కూడా కావు. స్థాని, ఆదేశం, నిమిత్తం, అపవాదం, పౌర్వాపర్యం అతని నిత్యాధ్యయన విషయాలు. చిహ్నాలను నేర్చుకోవడానికి కొద్దివారాలు చాలును. ఎక్కడ మార్పు జరగరాదో తెలియడానికి వ్యాకరణాధ్యయనమంతా కావలె. ఈ రెండింటిలో కష్టమైనది ప్రాచ్య కళాశాలలలో ఇప్పటికే సిద్ధించి ఉన్నది. సులభమైనదానిని దానికి జోడిస్తే, ప్రతులలో మిగిలిన సాక్ష్యం చెరగకుండానే గ్రంథాలు కంప్యూటరులోకి చేరగలవు.